గోడకు సున్నము, తలుపునకు చిలుక
(వార్షిక మహాసభ రెండవనాఁటి సాయంకాల సమావేశమునందు చదువఁబడిన యుపన్యాసము)

ఉదయమునుండి ఈ వేదికపై విద్యావేతనములనుగూర్చియు, విద్యార్థివసతిగృహమునుగూర్చియు, సహకారసంఘములనుగూర్చియు ఘనమైన ప్రసంగములు జరిగినవి. వాని తరువాత ఇంటి గోడలనుగూర్చియు తలుపులనుగూర్చియు మాటలాడుఁడని కార్యదర్శిగారు మమ్ముఁ గోరినపుడు, భోజనములకు ముందు పొద్దుపుచ్చుటకై యేర్పఱచిన విషయము కాఁబోలునని మేము కొంత సంకోచించితిమి. పిదప నాలోచింపఁగా, మన కులమువారికి తరతరములుగా కూడు పెట్టిన విషయములలో నిది మొదటిదని తోఁచినది. వడ్రంగి ద్వారబంధము నిలుపనిదే గోడలు పైకి లేవవు. కమ్మరి గొళ్ళెమును, కంచరి యిత్తడిపువ్వును లేక తలుపునకు నిండుదనము రాదు. ఊరివారి వాకిండ్లనన్నిఁటిని తీర్చినవారము మనము. అట్టి మన వాకిండ్లనే నేఁడు చూచినవారు, ఇది ఫలానివారి యిల్లని గుర్తింపఁగలరా యని మేము ప్రశ్నించుకొనుచున్నాము.

మేము పుట్టిపెరిగినది కృష్ణాతీరమునందలి యొక చిన్న గ్రామము. మా వీథిలో పదునెనిమిది గడపలుండెను. ఇండ్లను గడపలని లెక్కించుట తెలుఁగువారి వాడుక. మనకు గోడ కాదు, కప్పు కాదు, గడపయే యింటికి గుర్తు. ఆ పదునెనిమిది గడపలలో నేదియు మఱియొకదానివలె లేకుండెను. ఒకరిది నీలితలుపు. ఒకరిది యిత్తడిపువ్వుల తలుపు. ఒకరి యరుగు గోడపై కావితోఁ దీర్చిన రెండేనుఁగులు; అందొక దానికి తొండము పొడవై, మూల తిరిగి ప్రక్కగోడమీఁదికిఁ బోయినది. మాది చిలుకల తలుపు. క్రొత్తగా వచ్చిన తపాలా జవానునకు ఇంటిపేరు చెప్పుటకంటె "చిలుకల తలుపువారు" అన్నచో వెంటనే తెలిసెడిది. మా మేనత్తగారిని చూచుకొనవచ్చిన పెండ్లివారు సైతము ఆ గుర్తు నడుగుచునే వీథిలోనికి వచ్చిరని మా నాయనమ్మ చెప్పెడిది.

ఆ తలుపును మా తాతగారు 1936 వ సంవత్సరమునఁ జేసిరి. గోదావరిపై తెప్పలుగాఁ గట్టి దింపిన టేకు రాజమహేంద్రవరపు అడితులకు వచ్చెడి దినములవి. అచ్చట నొక దుంగను ఏరి, ఏలూరు కాలువవెంట పడవపైఁ దెప్పించి, కోయించి, పలకలను ఒక యేఁడు నీడపట్టున నారఁబెట్టి, ఆపైనఁగాని బాడిస ముట్టలేదఁట. పై కమ్మి నడుమ గజలక్ష్మి, ఇరువైపుల తీఁగలు, క్రింద పద్మములు: ఇవి యెల్ల తలుపులకును ఉన్నవే. తలుపురెక్కలపై రెండు చిలుకలు చెక్కవలసివచ్చినపుడు మాత్ర మొక చిత్రము జరిగినది. వరుస ప్రకారము అవి యెదురెదురుగా నుండవలెను. మా నాయనమ్మ వచ్చి, రెండును ఒకేవైపునకుఁ జూచునట్లు చెక్కుమన్నది. ఏల యనఁగా, అట్లు చెక్కి తలుపు తెఱచినచో ఒక చిలుక యింటిలోనికిఁ జూచును, రెండవది వీథికిఁ జూచును. "వచ్చువారినిఁ గనిపెట్టుట కొకటి, ఉన్నవారినిఁ గనిపెట్టుట కొకటి" యని యామె మాట. మా తాతగారు పరుల యిండ్లకుఁ జేసిన తలుపులలో నెన్నఁడును కొలఁతగాని వరుసగాని తప్పినవారు కారు. తన యింటికి, తన భార్యకొఱకు, తెలిసి తప్పిరి. తోడి పనివారు చూచి తప్పు పట్టినపుడు నవ్వి యూరకుండెడివారఁట.

తలుపు ఇంటి పురుషులది యైనచో గోడ స్త్రీలది. తలుపు చేసినవానికి కూలియు, క్రొత్త పంచెయు, ద్వారబంధము నిలిపిననాఁడు తాంబూలమును దక్కినవి. గోడను ఏఁటేఁట క్రొత్తచేసిన యామెకు ఎవరును తాంబూల మిచ్చిన జాడ లేదు. ఈ మాటను కొంచెము సిగ్గుతోడనే చెప్పుచున్నాము.

సంక్రాంతికి పది పండ్రెండు దినములు ముందుగా మా యింట పని మొదలయ్యెడిది. సముద్రతీరపు గుల్లలను కాల్చిన గుల్లసున్నము తెచ్చి, బానలోఁ బోసి నీరు వేయఁగా కుతకుత నుడికి మెత్తనగును. పిల్లలను ఆ చాయలకు రానిచ్చెడివారు కారు. చల్లారిన పిమ్మట పలుచని గుడ్డతో వడియఁగట్టి, చేతికంటకుండ కొంచెము జిగురు కలిపి, చిటికెఁడు నీలిమందు చేర్చి, పీచుకుంచెతో ఒకమాఱు నిలువుగా, మఱునాఁడు అడ్డముగా పూసెడివారు. నీలిమందు కలుపుట తెలుపును నీలముగాఁ జేయుటకుఁ గాదు. సున్నములోని పసుపు చాయను అణఁచుటకు. గోడ అడుగున మూరెఁ డెత్తు కావిపట్టె. చూరునీరు చిందించిన మట్టియు, పిల్లల చేతులును తాఁకునది ఆ మూరెఁడే గావున, మాసినను కనఁబడని రంగు నచ్చటఁ బెట్టిరి. తెలుపునకును కావికిని నడుమ మా నాయనమ్మ వ్రేలితో సున్నపు చుక్కల వరుస తీర్చెడిది. ఆ చుక్కలు ఒకదానికొకటి సమముగా నుండెడివి కావు. ఆమె వ్రేలు ఎచ్చట అలసినదో గోడను చూచి చెప్పవచ్చును.

ఈ సున్నపు పనియందుఁగల రసాయనరహస్యము మన యువకులు తెలిసికొనఁదగినది. సున్నపురాయినిగాని గుల్లనుగాని కాల్చినపుడు అందలి బొగ్గుపులుసుగాలి వెడలిపోవును. నీటితోఁ గలిపి గోడకుఁ బూసినపిమ్మట, అది గాలిలోనుండి యా బొగ్గుపులుసుగాలినే మెల్లమెల్లగాఁ దిరిగి గ్రహించి, మరల సున్నపురాయియే యగును. అనఁగా మనము గోడకుఁ బూయునది రంగు కాదు, పలుచని రాయి. సున్నమునకు కారగుణము మెండు గావున ఎల్ల రంగులును దానితో పొసఁగవు. కావి, జాజు, రామరజము మొదలగు మన్నురంగులు ఇనుముచేరినవి, సున్నమునకు జంకవు. దీపపు మసియు నట్టిదే. ప్రష్యను నీలమని పేరొందిన రంగును సున్నములోఁ గలిపినచో చెడిపోవును. చాకిరేవు నీలము నిలుచును. మనము నేఁడు అంగళ్లలో నీలిమందని కొనునది నీలిచెట్టునుండి వచ్చినది కాదు, పేరు మాత్రమే మిగిలినది. జర్మనులు 1897 లో కృత్రిమనీలిని అంగడికిఁ దెచ్చినపిదప నీలిచెట్ల సేద్యమే క్షీణించెను.

పసుపు సంగతి మఱింత వింతయైనది. పసుపును సున్నములోఁ గలిపిన నెఱ్ఱనగును; పారాణియు కుంకుమయు నట్లు పుట్టినవే. అందుచేతనే పసుపు సున్నపు గోడకెక్కక గడపమ్రానుపై నిలిచినది. గడపకు పూసిన పసుపు ఎండ తగిలినకొలఁది వెలిసిపోవును. శుక్రవారమునఁ బూసినది మరల శుక్రవారమునకు పలుచనగును. ఇది రంగునకు లోపమని యెంచువారు కలరు. వెలిసిపోవుటచేతనే యింటియామె వారమునకొకమాఱు గడపయొద్దఁ గూర్చుండి తన వాకిలిని తేఱిపాఱఁజూచుచున్నది. చెదపట్టిన జాడయైనను, వదులైన మేకైనను అప్పుడే కంటఁబడును. పసుపు సర్వక్రిములను సంహరించునని యిట్టి సభలలో కొందఱు ఉద్ఘోషించుచుందురు. అంత దూరము మేము పోఁజాలము.

ఈ యలవాటు మండలమునకొక తీరుగా నున్నది. తెలంగాణమున దసరా బతుకమ్మలకు ముందు గోడల నలికి, జాజు పూసి, ఆ యెఱుపుపై సున్నముతో గీఁతలును బొట్లును పెట్టుదురు. తీరమున తెలుపుపై కావి. అచ్చట కావిపై తెలుపు. రెండును కంటికి నిండుగానే యుండును. ఉత్తరమున సీతంపేట కొండలలోని సవరల గోడబొమ్మలను ఎడిసింగి యందురు. ఎఱ్ఱమట్టి గోడపై బియ్యపుపిండిని పుల్లతో నద్ది మనుష్యులను, పశువులను, సూర్యచంద్రులను వ్రాయుదురు. ఒరిస్సా సవరల యిట్టి చిత్రములనుగూర్చియు, వారి మతమునుగూర్చియు వెర్రియర్ ఎల్విన్ 1950 ప్రాంతమున విపులముగా వ్రాసెను. అది సొగసునకై వ్రాయు బొమ్మ కాదు. గతించిన పెద్దలకును దేవతలకును ఇంటిలోఁ జోటిచ్చుటకు, రోగము తొలఁగుటకు, పంట నిలుచుటకు వ్రాయునది. దానిని అచ్చొత్తిన కాగితముగాఁ గొనివచ్చి పట్టణపు ముందుగదిలో వ్రేలాడఁదీయుట మనవారిలోఁగూడ ప్రబలినది. కొనుటలో తప్పు లేదు. సవర చిత్రకారునికి వెల ముట్టినచో మఱియు మంచిది. అయితే పరుల పెద్దలకుఁ జోటిచ్చిన గోడపై మన నాయనమ్మ చుక్కలకుఁ జోటు లేకపోవుట మాకు మనసున నాటుచున్నది.

ఇఁక మేము చేసిన తప్పులను చెప్పవలెను. వీనిని చెప్పుటకే వచ్చితిమి.

1998 లో మేమును మా సోదరులును కలసి, పండుగకు తల్లులు శ్రమపడకుండ, ఆ పాతగోడలకు ప్లాస్టిక్కు రంగు వేయించితిమి. ఒకమాఱు వేసిన పదేండ్లు చూడనక్కఱలేదని పట్టణపు రంగుల దుకాణమువారు చెప్పిరి. మొదటి సంవత్సరము గోడ అద్దమువలె నుండెను. రెండవ వర్షాకాలమున పొక్కులు లేచినవి. మూఁడవయేట వ్రేలితో నొక్కినచో గచ్చు పెచ్చులుగా రాలి, లోపల ఉప్పు పొరలుగాఁ గానవచ్చెను. కారణము సులభమైనది. పూర్వపు గోడలు మట్టియడుసుతోఁ బేర్చిన యిటుకగోడలు. పునాదినుండి తడి పైకి ప్రాఁకకుండ ఆఁపునది వానిలో లేదు. నేలతడి గోడలోని కెక్కును, సున్నపుపూఁతగుండ గాలిలోనికిఁ బోవును. ఆ దారిని మేము మూసితిమి. పోవుటకు దారిలేని తడి గోడను లోపలినుండి తినివేసినది.

ఈ తప్పు మేము మాత్రమే చేసినది కాదని యూఱటకై మఱియొక సంగతి చెప్పుచున్నాము. 1920 మొదలు 1922 వఱకు నిజాము ప్రభుత్వమువారు అజంతా చిత్రములను కాపాడుటకు ఇటలీనుండి నిపుణులను రావించిరి. రాలిపోవుచున్న పూఁతను వారు శ్రద్ధతో నిలిపిరి. కాని పైని పూసిన లక్కపూఁత కాలక్రమమున పచ్చవడి మసకబాఱెను. తరువాతి పురాతత్త్వశాఖవారికి దానిని తొలఁగించుట యొక పెద్దపని యైనది. అంతటివారికే యట్లైనపుడు మా బోఁటులమాట చెప్పనేల!

మేము క్రొత్తరంగులకు శత్రువులము కాము. తడి తగులని సిమెంటుగోడకు ఆ రంగులు చక్కఁగా నిలుచును. అట్టి యిండ్లవారు నిశ్చింతగా వేసికొనవచ్చును. పాతగోడగల వారితోనే మా మనవి: గోడను గోకించి, ఒక వేసవి యంతయు నారనిచ్చి, మరల సున్నమునకే మరలుఁడు. మే మట్లే చేసితిమి. గోడ కోలుకొన్నది.

తలుపు కోలుకొనలేదు. 2004 లో పంపకములు జరిగి, ముందుభాగము పడఁగొట్టి, సిమెంటు ద్వారబంధమును ఇనుప తలుపును పెట్టినపుడు, చిలుకల తలుపును ఊరూర తిరుగు పాతకలప వ్యాపారి కొకనికి ఘనపుటడుగుల లెక్కన అమ్మివేసితిమి. అమ్మినవారిలో మేమును ఉన్నాము. చెక్కడమున కొక్క రూపాయి అధికము అడుగవలెనని వడ్రంగి మనుమలమైన మాకే తోఁచలేదు. 2011 లో మఱియొక పనిపై నొక మహానగరమునకుఁ బోయి యొక పెద్ద హోటలులో దిగితిమి. రాకపోకలు వ్రాసికొను బల్ల వెనుకగోడపై మా తలుపు మేకులతో బిగింపఁబడి యుండెను. గజలక్ష్మిని చూచి గుర్తుపట్టితిమి, తీఁగలను చూచి నిశ్చయించుకొంటిమి. చిలుకలను చూచి సందేహించితిమి. అవి యెదురెదురుగా నున్నవి. దగ్గఱకుఁ బోయి తడవి చూడఁగా ఎడమ చిలుకయున్న పలక క్రొత్తది. బల్లయొద్దనున్న యువకుఁడు మర్యాదగలవాఁడు. మేమడుగఁగా, "అందొక చిలుక తప్పుగాఁ జెక్కియుండెనండీ, కొన్నవారు దిద్దించినారు" అని చెప్పెను.

ఆ దిద్దినపని మనవాఁడొకఁడు చేసినదే యని పనితనమును చూచిన తెలియుచునేయున్నది. చక్కని పని. అందుచేతనే మాకు మఱింత కష్టమైనది. పాతపలక యేమయ్యెనో యెవరికిని తెలియదు.

మన వృత్తికి సంబంధించిన హెచ్చరిక యొకటి యిచ్చటనే చెప్పి ముందునకుఁ బోదుము. కిటికీ యూచలకు తొలిపూఁతగా సిందూరము పూయుట మనలో చిరకాలపు వాడుక. సిందూరము సీసమునుండి పుట్టినది. పూర్వపు టెనామిలు రంగులలోను సీసము మెండుగా నుండెడిది. సీసము చిన్నబిడ్డల మెదడునకుఁ జెఱుపు. గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని భారతప్రభుత్వము 2016 లో నియమము చేసెను. 2017 నవంబరు 1 వ తేదీనుండి యది అమలులోనికి వచ్చినది. కావున పాతతలుపులను మరమ్మతు చేయువారు వానిపై రంగును పొడిగాఁ గీచి ధూళి రేఁపరాదు. తడిపి గీచి, ఆ పెచ్చులను ప్రోగుచేసి, పిల్లలను దూరముగా నుంచవలెను. కీచినపిమ్మట మ్రానునకు అవిసెనూనె పట్టించినచో చాలును. నేల తగులు భాగములకు, లోపలిముఖమునకు జీడినూనె చెదలనుండి కాపాడును. జీడినూనె చేతులను పొక్కించును, జాగ్రత్త.

ఇంతవఱకును పాతయిండ్ల మాటయే చెప్పితిమనియు, మేడలలోని వాటాయిండ్లలో నుండువారి గతి యేమనియు ముందువరుసనున్న సోదరీమణులు గుసగుసలాడుట వినఁబడినది. న్యాయమైన ప్రశ్నయే. మా తమ్ముని కుమార్తె పట్టణమున నట్టి వాటాయింట నున్నది. ఆ మేడలో అఱువది నాలుగు తలుపులు, అన్నియు నొకే గోధుమరంగు. ఆమె తన తలుపునకు నీలము వేయఁగా, భవనసంఘమువారు ఏకరూపత చెడినదని తాఖీదు పంపిరి. మేమును మొదట సంఘమువారి పక్షమే వహించి ఆమెను మందలించితిమి. "పెదనాన్నగారూ, మా పిల్లవాఁడు రెండుమాఱులు పొరుగింటి తలుపు తట్టినాఁడండీ. అన్నియు నొకటే గదా, వాఁడెట్లు గుర్తుపట్టును?" అని యామె యడిగినది. మాకు తపాలా జవాను జ్ఞప్తికి వచ్చినాఁడు. తుదకు రాజీ కుదిరినది: తలుపు గోధుమరంగే, గడపమాత్రము ఆమెది. అడ్డముగా నొక చేరెఁ డెత్తు టేకుపలకను మేమే చిత్రికపట్టి యిచ్చితిమి. పసుపు పూసి, బియ్యపుపిండితో తన కిష్టమైనట్లు ముగ్గు తీర్చుచున్నది. ఇప్పుడు అదే మేడలో మఱి పదునొకండు తలుపులకు గడపలు వెలసినవఁట. ఏ ఇద్దఱి ముగ్గును ఒకటి కాదని చెప్పి యామె మురిసిపోయినది.

మేము ఈ మహాసభవారిని కోరునది ధనసహాయము కాదు. ఇల్లు పడఁగొట్టఁదలఁచిన సభ్యుఁడు, తలుపును అమ్మకముందు దాని కొలఁతలను వ్రాసి, చెక్కడమును కాగితముపై గీచి, చేసినవారి పేరు తెలిసినచో చేర్చి, మన కార్యాలయమునకుఁ బంపవలెను. పై కమ్మి యెత్తు, రెక్కల వెడల్పు, పలకల మందము, కలప పేరు, ఏ సంవత్సరపు పని: ఇంతే చాలును. మా యింటికి చేసినట్లుగా పాతపలకను పీకి దిద్దవలసివచ్చినపుడు, పనిచేయువాఁడు ముందుగా ఆ తలుపు పుట్టిన యింటివారిని విచారింపవలెను. వారు దొరకనియెడల పీకిన పలకను పాఱవేయక వెనుకవైపున బిగించియుంచవలెను. ఈ నియమమును వృత్తివిభాగమువారు రేపటి తీర్మానములలోఁ జేర్చిన బాగుగా నుండును. ఇంటి స్త్రీలు గోడకుఁ దీర్చు పట్టెలను, చుక్కలను సైతము ఆ కాగితముననే గీచి, తీర్చినయామె పేరును తప్పక వ్రాయవలెనని మా ప్రత్యేకమైన మనవి.

చిలుకల తలుపు కొలఁతల కాగితమును నిన్ననే కార్యదర్శిగారి కందఁజేసితిమి. తలుపు లేదు గావున జ్ఞాపకమునుండి గీచితిమి. గీచినదానిని తొంబదియేండ్లు దాఁటిన మా మేనత్తగారికిఁ జూపఁగా, కన్నులకు దగ్గఱగాఁ బట్టుకొని, ఎడమచిలుక ముక్కు ఇంతకంటె వంగియుండెడిదని చెప్పి, మా చేతిలోని పెన్సిలు తీసికొని తామే దిద్దిరి.